బదులు రాని కౌజు కూత

అనగనగనగా ఒక ఊళ్ళో... ఆగండర్రా, ఊరంటే మన ఊరిలా రోడ్డూ, వీధి దీపాలూ ఉన్న ఊరు కాదు. కొండ మీద ఊరు. ముప్పై గడప ఉంటే ఎక్కువ. వర్ధనీ, ఆ కాలు తమ్ముడి మీంచి తియ్యి, వాడు తెల్లార్లూ మూలుగుతాడు. ఆఁ, ఎక్కడున్నాం? కొండ మీద ఊళ్ళో. ఆ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాడు బుధవారం పుట్టాడు గనక బుద్రయ్య, చిన్నాడు శుక్రవారం పుట్టాడు గనక సుక్రయ్య. అంతే, వాళ్ళ పేర్లకి పంచాంగం అక్కర్లేదు. మీ అమ్మ మీకు పేర్లు పెట్టడానికి మూడేసి నెలలు తీసుకుంది, నాకింకా గుర్తే.

ఈ కథ నాకు మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి, చింతపండు అమ్ముకోడానికి కొండ దిగి వచ్చే ముసలావిడ ఎవరో చెప్పిందట. ఇందులో రాజుగారు ఉండడు, ముందే చెప్తున్నా. సగంలో రాజుగారేడీ అని నన్ను పీక్కు తినకూడదు.

ఆ అన్నదమ్ములిద్దరూ ఒక్క కంచంలో తిని పెరిగినవాళ్ళు. అమ్మా అయ్యా తొందరగా పోయారు. బుద్రయ్యే తమ్ముణ్ణి వీపున కట్టుకుని పెంచాడు. వెదురు విల్లు ఎలా వంచాలి, నారి ఎంత బిగించాలి, చిటికెడు బూడిద ఎగరేసి గాలి ఎటుందో ఎలా చూడాలి, అన్నీ వాడి చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఊళ్ళో ఏ తల్లయినా పిల్లల్ని కేకలేస్తే, ఆ బుద్రయ్యనీ సుక్రయ్యనీ చూసి నేర్చుకోండర్రా అనేది.

మరి అలాంటివాళ్ళకి మాటలెందుకు పోయాయంటారా? ఒక కార్జం ముక్క కోసం. నవ్వకండి. మీరు నిన్న జీడిపప్పు కోసం కొట్టుకోలేదూ?

ఆ ఊళ్ళో వేట పంపకానికో పద్ధతుంది. బాణం వేసినవాడికి తలకాయ. జంతువుని తోలినవాడికి కార్జం. మిగతాదంతా ఊరందరికీ సమానం. ఒక ఏడు బుద్రయ్య బాణం వేశాడు, సుక్రయ్య తోలాడు. సరిగ్గా ఆ పూటే బుద్రయ్య బావమరిది చుట్టపుచూపుగా వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోక, కార్జం వేపుడు వాసన బాగుందే అన్నాట్ట. బుద్రయ్య, తమ్ముడేగా, ఏమనుకుంటాళ్ళే అని ఆ కార్జం కాస్తా బావమరిది ఆకులో వేసేశాడు. తమ్ముణ్ణి అడిగి ఉంటే వాడే తెచ్చి వడ్డించేవాడు. అడగలేదు. మనవాళ్ళేగా, ఏమనుకుంటారులే అని మనం అనుకుంటాం చూశారూ, తంటా అంతా అక్కడే వస్తుంది.

ఇంక చూసుకోండి. కార్జం పోయి కోపం వచ్చె, కోపం వచ్చి మాట పోయె, మాట పోయి నడుమ గోడ లేచె, గోడ లేచి మూడేళ్ళు గడిచె. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నాకు నిద్రొస్తుంది.

ఆ మట్టిగోడకి ఇటు అన్న, అటు తమ్ముడు. ఏదన్నా చెప్పక తప్పకపోతే గోడకి చెప్పేవాళ్ళు. "ఓ గోడా, నీ అవతల దూడ తాడు తెంపుకుంది" అని అన్న. "ఓ గోడా, మాకూ కళ్ళున్నాయి" అని తమ్ముడు. ఆ గోడకే గనక నోరుంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి కడిగి పారేసేది.

పైకి అలా ఉండేవాడు గానీ బుద్రయ్యకి లోపల ఒకటే దిగులు. తమ్ముడి నోట "అన్నా" అన్న పిలుపు విని మూడేళ్ళయింది. ఒక్కసారి వింటే చాలనిపించేది. కానీ పెద్దవాణ్ణి, నేను తగ్గడమేవిటి అని ఒక పంతం. చింత చచ్చినా పులుపు చావదుగా. ఈలోగా పిడుగులాంటి కబురు. విత్తనాల పండగ అవగానే సుక్రయ్య పెళ్ళాన్ని తీసుకుని ఏరు దాటి అత్తారి ఊరికి వెళ్ళిపోతున్నాట్ట, అక్కడే ఉండిపోతాట్ట. సామాను మూటలు కూడా కట్టేశారట. ఆ ఏరు వానాకాలం దాటడానికి ఉండదు. వానలు వెనకబడ్డాక ఎవరి పనులు వాళ్ళవి. పోతే పోయినట్టే. బుద్రయ్య ఆ కబురు విన్న పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పెళ్ళాం చిలకమ్మ అడిగితే, ఏం లేదు, కూరలో ఉప్పెక్కువైందన్నాట్ట. ఆ పూట వాళ్ళింట్లో కూరే లేదు, మజ్జిగన్నం. చిలకమ్మకి అంతా అర్థమైంది. అర్థమైనట్టు చెప్పలేదు. తెలివైన కోడలు అలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఊళ్ళో విత్తనం భూమిలో పడాలంటే ముందు వేట జరగాలి. విల్లూ బాణాలతో దుప్పిని కొట్టి తెచ్చి, దాని నెత్తురు బొట్టు విత్తనాల బుట్టల్లో కలిపాకే చల్లడం మొదలు. ఏటా ఒక ఇంటి వంతు. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరే వెళ్ళాలి. మూడే మూడు రోజులు గడువు. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఊరి ఆడవాళ్ళంతా వరసగా నిలబడి పేడనీళ్ళు కొడతారు. మంచి పద్ధతే. మీ తాతగారు ఒట్టి సంచీ ఊపుకుంటూ బజారునుంచి వచ్చినప్పుడల్లా నాకు ఆ పేడనీళ్ళే గుర్తొచ్చేవి.

ఆ ఏడు వంతు ఎవరిదంటారు? ఆఁ, వాళ్ళదే. ఊరిపెద్ద నాయుడు వచ్చి ఇద్దరి వాకిళ్ళకీ మధ్యలో నిలబడి, ఎటూ చూడకుండా, రేపు పొద్దున్నే బయల్దేరాలి అని చెప్పేసి వెళ్ళిపోయాట్ట. సుక్రయ్య కాదనలేడు. ఊరి విత్తనం ముందు ఎవరి కోపమూ చెల్లదు.

వేటలో రెండు కట్టుబాట్లు. బాగా వినండి, కథంతా దీంట్లోనే ఉంది. మొదటిది, అడవిలో అడుగుపెట్టాక మనిషి మాట వినపడకూడదు. ఒక్కసారి మనిషి గొంతు విన్నదంటే ఆ కోనలో దుప్పి మళ్ళీ మూడు రోజులదాకా నీళ్ళకి రాదు. మరి సైగ ఎలా? కౌజుపిట్ట కూతతో. పెదాలు బిగించి అచ్చం కౌజుపిట్టలా కూస్తారు. అడవిలో కౌజుపిట్టలు ఎప్పుడూ కూస్తూనే ఉంటాయి గనక దుప్పులు బెదరవు. రెండోది, బాణం వేసేవాడు నారి లాగాక ఒకసారి కూయాలి. తోలేవాడు తనెక్కడున్నాడో అక్కణ్ణించి బదులు కూయాలి. బదులు రాకుండా బాణం వదలకూడదు. ఎందుకంటే పొదలో ఆకు కదిలితే అది దుప్పో మనిషో ఎవరికి తెలుసు?

మూడేళ్ళుగా మాట్లాడుకోని వాళ్ళకి ఇంతకంటే తగిన పని ఉందా చెప్పండి! నోరు విప్పకూడదని కట్టుబాటే ఉంది. ఇద్దరూ హాయిగా మూతులు బిగించుకుని బయల్దేరారు. ముందు విల్లూ బూడిద సంచీ పట్టుకుని అన్న, వెనక తమ్ముడు. కొండ దాటి కోన, కోన దాటి గెడ్డ, గెడ్డ దాటి గుట్ట. గెడ్డంటే తెలుసుగా, కొండవాగు.

చిలకమ్మ రెండు అడ్డాకుల పొట్లాలు కట్టి ఇచ్చింది. రెండోది మరిదికి, వాడికి ఇష్టమని చింతచిగురు పచ్చడి, సామన్నం. ఇస్తూ మొగుడికి ఒక మాట చెప్పిందట. పొట్లం వాడి ముందు పెట్టి నువ్వు అటు తిరిగి కూర్చో, తినే చోట చూస్తూ కూర్చుంటే పంతం దిగదు అని. బుద్రయ్య అలాగే రాయి మీద పొట్లం పెట్టి, అటు తిరిగి, చెట్ల మీద కోతుల్ని చూస్తూ కూర్చున్నాడు. ఇటు తిరిగేసరికి పొట్లం ఖాళీ. తమ్ముడు మూతి తుడుచుకోడం లేదు, కోతులు మూతి తుడుచుకోడం లేదు. తిన్నదెవరో తెలియలేదు పాపం.

మొదటి రోజు నీళ్ళ దగ్గర ఒక ఆడదుప్పి కనపడింది, వెంట పిల్ల. పిల్లతల్లిని కొట్టరు. వదిలేశారు. అదేవిటో, ఆ తల్లి పిల్లని నాకుతుంటే ఇద్దరూ ఒకేచోట నిలబడి చాలాసేపు చూశారట. తరవాత గుర్తొచ్చి ఎడంగా జరిగారట.

రెండో రోజు మంచి కొమ్ముల దుప్పి. సుక్రయ్య పైనుంచి తోలుకొచ్చాడు. అది సరిగ్గా బాణానికి అందే చోట ఆగింది. బుద్రయ్య నారి లాగాడు, కౌజుపిట్టలా కూశాడు. బదులు రాలేదు. మళ్ళీ కూశాడు. రాలేదు. తమ్ముడు పైన బండ మీదే ఉంటాడని తెలుసు, నూటికి తొంభై పాళ్ళు తెలుసు. అయినా వదల్లేదు. దుప్పి తల తిప్పి, చెవులు విదిల్చి, మెల్లిగా వెళ్ళిపోయింది. అప్పుడు చూస్తే సుక్రయ్య బండ మీదే కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఈయన పిలిస్తే నేను పలకాలా అన్నట్టుంది మొహం. దుప్పి ఎందుకు పోయిందో అర్థమై కాస్త తెల్లబోయాడు గానీ, తల దించలేదు. బుద్రయ్యకి కోపం రాలేదా? వచ్చింది. విల్లు నేలకేసి కొడదామన్నంత వచ్చింది. కానీ కోపం కంటే ఎక్కువగా బెంగ వచ్చింది. కూతకి కూత బదులివ్వడానికి కూడా వీడికి మనసు రాకపోతే, ఇంక అన్నా అని ఎప్పుడు పిలుస్తాడు అనుకున్నాట్ట. ఊ కొడుతున్నారా?

మూడో రోజు. గడువు ఆఖరు. పొద్దున్నించీ కొండ దాటి కోన, కోన దాటి గెడ్డ, గెడ్డ దాటి గుట్ట. ఒక్క డెక్క గుర్తు లేదు. పొద్దు వాలింది. కింద ఊళ్ళో ఆడవాళ్ళు పేడ కలుపుతూ ఉంటారు, విత్తనాల బుట్టలు అలికిన వాకిట్లో పెట్టి ఉంటారు. చివరికి గెడ్డ మలుపులో ఒక మడుగు దొరికింది. సుక్రయ్య పైకి ఎక్కి చుట్టూ తిరిగి తోలడానికి వెళ్ళాడు. బుద్రయ్య ఇటు అడవిమామిడి మాను చాటున నిలబడ్డాడు. బూడిద ఎగరేశాడు, గాలి తనవైపే ఉంది. బాగుంది.

కాసేపటికి ఎవరూ తోలకుండానే, దానంతటదే, ఒక దుప్పి మడుగు దగ్గరికొచ్చింది. ఎలాంటి దుప్పి! నిన్నటిది దీని ముందు మేకపిల్ల. తలెత్తితే కొమ్ములు కొమ్మల్లో కలిసిపోతున్నాయి. వచ్చి, వెదురుపొదకి ఆనుకున్నట్టు నిలబడి నీళ్ళు తాగుతోంది.

బుద్రయ్య నారి చెవిదాకా లాగాడు. కూశాడు. బదులు లేదు.

రెండోసారి కూశాడు. లేదు.

మూడోసారి. లేదు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఏం చెయ్యాలి? ఊరంతా ఎదురు చూస్తోంది. ఈ బాణం వదిలితే విత్తనం పడుతుంది. వదలకపోతే లేదు. తమ్ముడు నిన్న ఎందుకు పలకలేదో ఇవాళా అందుకే పలకలేదు, ఏ బండ మీదో కాళ్ళూపుకుంటూ ఉంటాడు. అలా అనుకోడానికి అంతా వీలుగానే ఉంది. నారి వేళ్ళని కోస్తోంది. ఏమవుతుందిలే అని నోటిదాకా వచ్చిందట. ఆ మాట ఇదివరకు ఒకసారి అనుకున్నాడు కదా, కార్జం ఆకులో వేసినప్పుడు. ఆ మాటకి మూడేళ్ళు తమ్ముడు దూరమయ్యాడు.

బుద్రయ్య నారి వదిలెయ్యకుండా మెల్లిగా సడలించాడు. సడలించి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కొండలన్నీ మారుమోగేలా మనిషి గొంతుతో అరిచాడు.

"తమ్ముడా! ఒరే సుక్రయ్యా! ఎక్కడున్నావురా!"

అంతే! దుప్పి గాల్లోకి లేచి మాయమైపోయింది. దాంతో పాటు ఊరి వేట, పండగ, పరువు అన్నీ పోయాయి. పోయినవాటిని బుద్రయ్య చూడనేలేదు. చెవులు రిక్కించి నిలబడ్డాడు.

వెదురుపొదలోంచి, దుప్పి నిలబడిన చోటికి సరిగ్గా వెనకనుంచి, నూతిలోంచి వచ్చినట్టు సన్నగా వినపడింది. "అన్నా..."

వాడు అక్కడున్నాడర్రా. బాణం దుప్పికి తగలకపోతే పోయేది వాడికే. నాచు పట్టిన బండ మీద కాలు జారి బోర్లా పడి, దొర్లుకుంటూ వచ్చి ఆ పొదలో చిక్కుకున్నాడు. మడమ రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. పెదవి రెండుగా చిట్లి నోరంతా నెత్తురు. పెదాలు బిగించలేనివాడు కౌజుపిట్టలా ఏం కూస్తాడు? అన్న మూడుసార్లు కూయడం విన్నాడు. ఆకుల సందుల్లోంచి తనవైపే తిరిగి ఉన్న బాణం మొన కూడా చూశాడు.

బుద్రయ్య పరిగెత్తుకెళ్ళి రాళ్ళు తొలగించి తమ్ముణ్ణి లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీపు మీద ఒక్కటిచ్చాడు కూడా. భయపడ్డవాళ్ళు అలాగే కొడతారు, మీ అమ్మ కొట్టదూ? చూసినవాడివి అరవచ్చు కదరా, నోరు పడిపోయిందా అన్నాట్ట. అప్పుడు సుక్రయ్య ఏడుస్తూ చెప్పాడు. నిన్న పంతం కొద్దీ పలకలేదన్నా, ఇవాళ అరిస్తే ఊరి వేట నా నోటితోనే చెడిపోతుంది. రెండు రోజులూ నేనే చెడగొట్టినట్టవుతుంది. నువ్వు బదులు లేందే వదలవులే అని ఒకపక్క, ఎందుకు వదలవు, నిన్న నేనేగా పలక్కుండా కూర్చుని, బదులు రాకపోయినా ఏం కాదని నీకు నేర్పాను అని ఒకపక్క. కళ్ళు మూసుకుని పడి ఉన్నానన్నాడు.

బుద్రయ్య, కట్టుబాటు నీ ప్రాణం కంటే ఎక్కువా వెధవా అని, తువ్వాలు తీసి మూతికి అద్ది, తమ్ముణ్ణి వీపున ఎక్కించుకున్నాడు. చిన్నప్పుడు ఎక్కించుకున్నట్టే. ఇప్పుడు బరువెక్కువ, అంతే తేడా. గుట్ట దిగి గెడ్డ, గెడ్డ దాటి కోన, కోన దాటి కొండ. సగం దారిలో బుద్రయ్యే అన్నాడు, ఆ కార్జం నీదిరా, నిన్నడక్కుండా ఇచ్చాను, తప్పు నాదే అని. మూడేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందంటారు? ఒక మలుపు తిరిగేంత సేపు. సుక్రయ్య, నా కోపం కార్జం కోసం కాదన్నా, నన్నొక మాట అడుగుతావనుకున్నాను అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, వదిన చింతచిగురు పచ్చడి మాత్రం నేనే తిన్నాను, కోతులు కాదన్నాడు.

ఊరి మొదట్లో ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. బాణం పట్టినవాడి పెళ్ళామే మొదటి ముంత కొట్టాలి. చిలకమ్మ చూసింది. దుప్పి లేదు. మొగుడి వీపు మీద మరిది ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, పద్ధతి పద్ధతే అని ముంతెడు పేడనీళ్ళూ ఇద్దరి నెత్తినా కుమ్మరించింది.

"అన్నా, కళ్ళల్లో పడిందే!" అని సుక్రయ్య అరిచాడు. ఊరంతా విన్నది. మూడేళ్ళుగా గోడతో మాట్లాడినవాడు అన్నా అన్నాడు. ఎత్తిన ముంతలు ఎత్తినట్టే ఆగిపోయాయి.

నాయుడు తల పట్టుకున్నాడు. ఇద్దరూ కలిశారు, సంతోషమే. మరి విత్తనమో? దుప్పి నెత్తురేదీ? అప్పుడు చిలకమ్మ మొగుడి భుజం మీది తువ్వాలు తీసింది. సుక్రయ్య పెదవి నెత్తురుతో అట్ట కట్టి ఉంది. దాన్ని తీసుకెళ్ళి విత్తనాల బుట్టల మీద నీళ్ళతో పిండింది. వేటకి వెళ్ళినవాళ్ళ నెత్తురే ఇది, ఊరి కోసం ఒకడు నోరు మూసుకుని చావడానికి సిద్ధపడ్డాడు, వాణ్ణి బతికించడానికి ఒకడు ఊరి ముందు తలొంచుకోడానికి సిద్ధపడ్డాడు, భూమికి ఇంతకంటే ఏం కావాలో ఎవరన్నా చెప్పండి అందిట. నాయుడే ముందుగా వంగి దోసెడు విత్తనం తీసుకున్నాడు.

ఆ ఏడు పంట పండిందా అంటారా? పండకేం, గాదెలు చాలలేదు. సుక్రయ్య పెళ్ళాం కట్టిన మూటలు విప్పేసింది, ఏరు దాటే మాట మళ్ళీ ఎత్తలేదు. కాలు బాగవడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ అన్న ఇంట్లోనే తిన్నాడు.

చూశారా, మనవాళ్ళు పిలిస్తే పంతానికైనా సరే పలక్కుండా ఉండకూడదు. మనం పిలిస్తే వాళ్ళు పలక్కపోతే, కోపమేమో అనుకుని ఊరుకోకూడదు, వెళ్ళి చూడాలి. ఆ తరవాత ఆ ఊరివాళ్ళు ఒక పద్ధతి మార్చుకున్నారట. వేటలో తోడుపుట్టినవాణ్ణి పేరు పెట్టి పిలిచి దుప్పిని పోగొట్టుకున్నవాడు ఒట్టి చేతులతో వస్తే, వాడికి పేడనీళ్ళు కొట్టరు. ముంతతో మంచినీళ్ళిచ్చి, కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంటారు.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్ల దారి పడదాం. పడుకోండిక.